నూకరాజుకు నేనిచ్చిన పదిహేను చుక్కలు

1893వ సంవత్సరం. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాకినాడ వెళ్ళే కాలువ మీద, లాకుల పక్కన, గోదావరికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో సర్కారు డిస్పెన్సరీకి నేను హాస్పిటల్ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. హాస్పిటల్ అసిస్టెంటు అంటే డాక్టరు కాడు. డాక్టరు లేనిచోట డాక్టరు పనంతా చేసేవాడు. జిల్లా సర్జన్ దొరగారు ఏడాదికి రెండుసార్లు పడవలో వచ్చి, సీసాల మీద దుమ్ము ఉందో లేదో చూసి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో పుళ్ళకు కట్లు, జ్వరాలకు క్వినైను, పాముకాట్లు, పురుళ్ళు అన్నీ నా నెత్తినే. జనం డాక్టరుగారూ అని పిలిస్తే మొదట్లో దిద్దేవాణ్ణి. ఆర్నెల్లకు దిద్దడం మానేశాను. మరో ఆర్నెల్లకు నేనూ నమ్మేశాను.

ఆ పనుల్లో ఒకటి పిచ్చివాళ్ళ కాగితాలు రాయడం. ఎవరికైనా మతి చెడి, ఇంటివాళ్ళు పట్టలేక వదిలేస్తే పోలీసులు తీసుకొచ్చి నాకు అప్పగించేవారు. పదిరోజులు కనిపెట్టి చూసి, అచ్చు ఫారం నింపి పైకి పంపితే, అక్కణ్ణించి పిచ్చాసుపత్రికి ఉత్తర్వు వచ్చేది. సంతకం సర్జన్ గారిది, రాత నాది. ఆ ఫారంలో 'పిచ్చికి కారణం' అని ఒక గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదిలితే కాగితం తిరుగు టపాలో వచ్చి నా బల్ల మీద పడేది.

నాకు ముందు పనిచేసిన పెద్దాయన ఛార్జి అప్పజెప్పేటప్పుడే ఆ చిక్కు విప్పి వెళ్ళాడు. "పడవవాళ్ళూ, చేపలవాళ్ళూ, బైరాగులూ అయితే గంజాయి అని రాయి. చదువుకున్నవాళ్ళయితే అతిగా చదవడం. ఆడవాళ్ళయితే దుఃఖం. ఇంతకు మించి బుర్ర పాడుచేసుకోకు నాయనా, పైవాళ్ళు అడగరు" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి, అలాగే రాయడం మొదలుపెట్టాను.

అలా రాయడానికి వీలు కూడా ఉండేది. అప్పట్లో గంజాయి దొంగచాటు సరుకు కాదు, సర్కారు లైసెన్సు దుకాణంలోనే అమ్మేవారు. పగలంతా తాడు భుజాన వేసుకుని పడవలు లాగినవాళ్ళు, పొద్దు వాలేసరికి గట్టున కూర్చుని చిలుము చేతులు మార్చుకునేవారు. వాళ్ళలో నూటికి తొంభైమంది మర్నాడు లేచి మళ్ళీ పడవ లాగేవారు. ఈ సంగతి నేను రోజూ చూసేదే. చూసి కూడా ఏమీ ఆలోచించలేదు. మిషన్ బడి పంతులు కొడుకుని కనుక, గంజాయి తాగేవాడికి పిచ్చెక్కడం న్యాయమే అని లోపల ఎక్కడో అనుకునేవాణ్ణి కూడా.

ఆ ఏడు వేసవిలో పోలయ్యను తీసుకొచ్చారు. ఇరవై రెండేళ్ళ పడవవాడు. లాకు తలుపులు తెరుస్తుంటే, నీళ్ళ అడుగునుంచి ఎవరో తన పేరు పెట్టి పిలుస్తున్నారని దూకాడట. బయటికి లాగినవాళ్ళను కొరికాడట. వలతాడుతో చేతులు కట్టి తెచ్చారు. వెంట ఒక కానిస్టేబులు, వాళ్ళ కులపెద్ద, తల్లి సత్తెమ్మ. చేపల గంప మోసి మోసి మెడ బిగుసుకుపోయిన మనిషి, వితంతువు. ఆమెకు ఇద్దరే కొడుకులు.

నేను వసారాలో బల్ల ముందు కూర్చుని, ఫారంలో ప్రశ్నలు గట్టిగా చదివాను. చుట్టూ మందుకోసం వచ్చిన జనం ముప్పైమంది దాకా నిలబడి వింటున్నారు.

"గంజాయి తాగుతాడా?"

"తాగుతాడండి" అంది సత్తెమ్మ.

"ఎన్నాళ్ళనించి?"

"రెండేళ్ళవుతందండి."

కానిస్టేబులు ఇంకేం కావాలి అన్నట్టు నా వంక చూశాడు. నేను రాసేశాను. కింద ఇంకో గడి ఉంది. "మీ వంశంలో ఇంకెవరికైనా పిచ్చి ఉందా?" అని చదివాను. సత్తెమ్మ తలెత్తి కులపెద్ద మొహం చూసింది. ఆయన గొంతు సవరించుకుని, "మా కులంలోనే లేదండి బాబూ" అన్నాడు. లేదు అని రాశాను. నేనడిగింది ఆమెను, చెప్పింది ఆయన. కలం సిరాలో ముంచేపాటి సేపు కూడా నేను దాని గురించి ఆగలేదు.

పదిరోజుల తరవాత పోలయ్యను తీసుకెళుతుంటే సత్తెమ్మ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది.

"బాబుగారండి, నాకు చిన్నోడున్నాడండి, నూకరాజని. ఆడికి రాదు గదండి ఇది?"

"గంజాయి తాగుతాడా?"

"ముట్టడండి."

"ముట్టకుండా చూసుకో. ముట్టకపోతే ఏమీ రాదు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం నేను తీసుకున్నాను.

కార్తీకమాసం వెళ్ళాక నూకరాజు వచ్చాడు. పంతొమ్మిదేళ్ళవాడు, గోదాట్లో వలేసుకుని తల్లిని పోషిస్తున్నాడు. మంచి ఒడ్డూ పొడుగూ, సిగ్గరి. నిద్ర పట్టడం లేదన్నాడు.

"గంజాయి ఏమైనా అలవాటైందా?"

"అమ్మతోడండి, ముట్టనండి. అన్నయ్యని చూసినాక ఎలా ముడతానండి?"

"మంచిది. దిగులు పెట్టుకోకు" అన్నాను.

నిద్రకు మామూలుగా మేం బ్రోమైడు ఇచ్చేవాళ్ళం. ఆ నెల బ్రోమైడు నిండుకుంది. పంపమని రాసిన ఇండెంటుకు జవాబు లేదు. బీరువాలో నిద్రకూ నొప్పులకూ వాడే మరో టింక్చరు ఉంది. టింక్చరు అంటే మూలికను సారాయంలో నానబెట్టి వడకట్టిన మందు. పదిహేను చుక్కలు, విడిపోకుండా బంకనీళ్ళలో కలిపి, పడుకునే ముందు తాగమని రాసిచ్చాను. కాంపౌండరు అతను తెచ్చుకున్న సీసాలో పోసి, ఎన్ని మోతాదులో తెలిసేటట్టు కాగితం కత్తిరించి సీసాకు అంటించాడు. మందు పచ్చగా, మడ్డిగా ఉంది.

వారానికి మళ్ళీ వచ్చాడు. మొహం పీక్కుపోయింది.

"కాసేపు నిద్ర పడతందండి. కానండి, అవతల పడవల్లోవోళ్ళు నా గురించే మాటాడుకుంటన్నారండి. వల ఏసినా అదే, తీసినా అదే."

అన్న పిచ్చాసుపత్రిలో ఉంటే ఊరు మాట్లాడుకోదా మరి? నాకు అదేమీ వింతగా తోచలేదు. "లోకం తీరే అంత. పట్టించుకోకు. నిద్ర సరిగ్గా పడితే అన్నీ సర్దుకుంటాయి" అని ఓదార్చి, పదిహేను చుక్కలను ముప్పై చేశాను. ఓదార్చినందుకు నా మీద నాకే కాస్త మెప్పు కూడా కలిగింది.

మరో పన్నెండు రోజులకు, పొద్దున్న పది గంటలవేళ, సత్తెమ్మ అతన్ని ఇద్దరు మనుషుల సాయంతో పట్టుకొచ్చింది. నూకరాజు నన్ను గుర్తుపట్టలేదు. పట్టాడేమో, నా వైపు చూడటానికి ఇష్టపడలేదేమో, ఇప్పటికీ తెలియదు. తల్లి వండిన కూడు తినడం మానేశాడట, విషం పెడుతోందని. మూడు రోజుల కిందట వల మొత్తం కత్తితో కోసి పోగులు పెట్టాడట. వలలోంచి మాటలు వస్తున్నాయట.

"మందు తాగనన్నాడండి. ఇద్దరు పట్టుకుంటే నేనే నోట్లో పోశానండి, తమరిచ్చిన మందు గదా అని" అంటూ సత్తెమ్మ కొంగులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. అడుగున ఒక మోతాదు మిగిలుంది. "బాబుగారండి, ఓ మాటడుగుతాను, కోప్పడకండి. ఇందులో గంజాయి వాసనెందుకొత్తందండి?"

నేను సీసా ఎత్తి వాసన చూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు. చూడక్కర్లేదు. టింక్చర్ కానబిస్ ఇండికా అంటే మన గంజాయే. ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి, సారాయంలో నాని, లాటిన్ పేరు పెట్టుకుని తిరిగొచ్చిన గంజాయి. ఆ సంగతి నాకు తెలియకపోవడమేమిటి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ చిలుములో ఉన్నది చెడు అలవాటు, నా బీరువాలో ఉన్నది మందు. ఈ రెండూ ఒకటేనన్న ఆలోచన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా బుర్రకు తట్టలేదు. అన్న ఫారంలో పిచ్చికి కారణం అని ఏది రాశానో, దాన్నే తమ్ముడికి చుక్కలు లెక్కపెట్టి పోయించాను. చాలలేదని రెట్టింపు చేశాను.

"ఈ వాసన ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాను.

"మొదట్నాడేనండి. డాక్టరుగారికి తెలీదా అనుకున్నానండి."

అప్పుడు నేను అంతకుముందెప్పుడూ చెయ్యని పని ఒకటి చేశాను. వసారాలో ఉన్నవాళ్ళందరినీ కాలువగట్టుకు పంపేశాను. నూకరాజును లోపలి గదిలో మంచమ్మీద పడుకోబెట్టించి, కాంపౌండరును అతని దగ్గర ఉండమన్నాను. సత్తెమ్మ కోసం ఒక పీట వేశాను. ఆమె పీట మీద కూర్చోలేదు, దాని పక్కన నేల మీద కూర్చుంది. కాగితం గానీ కలం గానీ నేను తీయలేదు.

"సత్తెమ్మా, ఇది ఫారం కోసం కాదు. నీ పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పు. ఈ గది దాటి పోదు."

"మా తమ్ముడున్నాడండి, గవరయ్య" అంది.

"ఎక్కడ?"

"మా ఇంట్లోనేనండి. బొండేసి ఉంచామండి."

బొండ అంటే దుంగకు కన్నం చేసి, అందులో కాలు పెట్టి మేకు బిగించడం. ఎన్నాళ్ళనించి అన్నాను. పోలయ్య చంటిబిడ్డప్పటినుంచి అంది. గంజాయి తాగేవాడా అని అడిగాను.

"గంజాయా? ఆడు చుట్ట కూడా ముట్టలేదండి. నిక్షేపంలాంటోడు. ఇరవయ్యో ఏట, వలేత్తా ఏత్తా, గోదారి తిడతందని ఒడ్డుకొచ్చేశాడండి. మళ్ళీ పడవెక్కలేదు."

"పోలయ్యకి మాటలు వినిపించడం గంజాయి మొదలెట్టాకేనా?"

"కాదండి. అంతకుముందే ఒకటో రెండో వినపడతన్నాయనేవోడండి. అయ్యి వినపడకండా ఉంటాయని ఎవరో చిలుమిచ్చారండి. మొదట్లో తగ్గినట్టే ఉండేదండి. తరవాతే మరీ ఎక్కువైపోయింది."

"అప్పుడు నేనడిగితే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అంతమందిలోనాండి?" అంది. "చెబితే మా ఇళ్ళల్లో పిల్లనిత్తారాండి, మా పిల్లని చేసుకుంటారాండి? మా ఇల్లొక్కటే కాదు గదండి, పెదనాన్న బిడ్డలున్నారు, చిన్నాన్న బిడ్డలున్నారు. ఆ రోజొచ్చిన కులపెద్ద కొడుక్కి అప్పుడే సమ్మందం చూత్తన్నారండి" అంది.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. ఏటిగట్టున తాటాకు ఇల్లు. ఆరేసిన పాత వలల వెనక, ఒక సందులాంటి చోట గవరయ్య ఉన్నాడు. కాలు దుంగలో ఉంది. ఆ కాలు పిక్క నా మణికట్టంత కూడా లేదు. గడ్డం నాభిదాకా పెరిగింది. నన్ను చూసి లేవబోయాడు, మర్యాదకు. లేవలేక, "రండి, కూకోండి" అన్నాడు స్పష్టంగా. ఆ తరవాత మాటలు నాతో కాదు. ఇరవై ఏళ్ళుగా, డిస్పెన్సరీకి కూతవేటు దూరంలో, ఒక మనిషి ఇలా ఉన్నాడు. మశూచికి టీకాలు వెయ్యడానికి ఆ వీధిలోకి ఎన్నిసార్లు వెళ్ళానో. వంశంలో పిచ్చి లేదు అని నా చేత్తో రాసి పంపిన కాగితం అప్పుడు గుర్తొచ్చింది.

టింక్చరు ఆపేశాను. నూకరాజును పదిరోజులు డిస్పెన్సరీలోనే ఉంచాను. పిచ్చాసుపత్రి ఫారం తీయలేదు. మొదటి నాలుగు రోజులూ కష్టమైంది, ఇద్దరు మనుషులు కాపలా ఉండాల్సి వచ్చింది. అయిదో రోజున తల్లి పెట్టిన గంజి తాగాడు. ఎనిమిదో రోజున నన్ను గుర్తుపట్టి పలకరించాడు. మాటలు వినిపించడం మాత్రం పోలేదు. అడిగితే, "దూరంగా ఉన్నాయండి" అనేవాడు. నా మందు లేకపోయినా అతనికి ఈ జబ్బు వచ్చేదే కావచ్చు. నిద్ర పట్టకపోవడమే దాని మొదలు కావచ్చు. ఇప్పటికీ తేల్చుకోలేను. కానీ గట్టున చిలుము పీల్చి మర్నాడు పడవ లాగిన వాళ్ళందరి ఇళ్ళల్లోనూ గవరయ్యలు లేరు. ఈ ఇంట్లో ఉన్నాడు. ఒకరికి ఊరకే సాయంత్రం గడిపే వస్తువు, ఈ ఇంటి బిడ్డకు ఎండిన తాటాకు మీద నిప్పురవ్వ. ఆ రవ్వ వేసింది నేను.

ఇంటికి తీసుకెళ్ళే రోజున సత్తెమ్మకు ఆ మాట చెప్పేశాను. ఎలా చెప్పాలో రెండు రోజులు ఆలోచించి, చివరికి తిన్నగానే చెప్పాను. "ఆ మందు గంజాయేనమ్మా. నీకొచ్చిన వాసన నిజమే. నేను ఆలోచించకుండా ఇచ్చాను. తప్పు నాది."

ఆమె అరుస్తుందనుకున్నాను. కులపెద్దను తీసుకొస్తుందనుకున్నాను. పై ఆఫీసుకు అర్జీ పెడుతుందనీ, నా ఉద్యోగం పోతుందనీ భయపడ్డాను కూడా. ఆమె నా మొహంలోకి చూసింది, అంతే.

"అయితే తమక్కూడా తెలీదన్నమాటండి" అంది.

అందులో కోపం లేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. ఇన్నాళ్ళూ ఆనుకున్న గోడ అక్కడ లేదని తెలిసినట్టుగా అంది. అరిచి ఉంటే నాకు ఎంతో తేలిగ్గా ఉండేది. తరవాత, "మా ఇళ్ళల్లో ఇంకా పిల్లలున్నారండి. ఆళ్ళకేం చెప్పమంటారు?" అని అడిగింది.

"గవరయ్య సంగతి దాచకుండా చెప్పు. అందరూ తాగుతున్నారు గదా అని వాళ్ళు తాగకూడదు, చిలుమైనా, గంజాయి కలిపిన లేహ్యమైనా. నిద్ర పట్టకపోయినా, లేని మాటలు వినిపించినా వెంటనే నా దగ్గరికి పంపు. నేనే ఏ మందిచ్చినా సరే, వాసన చూసి, అనుమానమొస్తే నన్ను అడుగు."

"తమర్నా అండి అడగడం?"

"నన్నే."

గవరయ్య కాలికున్న దుంగ తీయించడానికి నాకు మూడు నెలలు పట్టింది. తీశాక కూడా అతను ఆ సందు వదిలి రాలేదు. సత్తెమ్మ ఒప్పుకున్నాక, పోలయ్య ఫారం దిద్దమని జిల్లా ఆఫీసుకు రాశాను. వంశంలో మేనమామకు ఉందని, మాటలు వినిపించడం గంజాయికి ముందే మొదలైందని. ఒకసారి రిజిస్టరులో చేరిన కారణాన్ని మార్చడం కుదరదని ఒకే ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. మూడో ఏట పోలయ్య పిచ్చాసుపత్రిలోనే విరేచనాలు పట్టుకుని పోయాడు. ఆఖరిదాకా అతని పేరు పక్కన ఉన్నది నా రాతే.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే కుర్రవాళ్ళు నన్ను ఏదైనా చెప్పమంటే ఈ కేసే చెబుతాను. వసారాలో నలుగురిలో అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు జవాబు కాదని, ఇంటి రోగాలు ఆడవాళ్ళకే తెలుస్తాయని, వాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడగాలని, అడిగాక వాళ్ళు చెప్పేదాకా ఆగాలని చెబుతాను. కారణం తెలియకపోతే ఆ గడిలో తెలియదు అని రాయమంటాను. కాగితం తిరిగొస్తుంది. మళ్ళీ తెలియదు అనే రాసి పంపమంటాను. వాళ్ళు నవ్వుతారు. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే కనుక కోప్పడను.

ఆ ఊరి నుంచి నాకు బదిలీ అయి చాలా ఏళ్ళయింది. పోయినేడు ఏదో పనిమీద పడవలో వెళుతూ లాకుల దగ్గర దిగాను. సత్తెమ్మ ఇప్పుడు లేదు. నూకరాజు గట్టున కూర్చుని ఎవరిదో వల అల్లుతున్నాడు. పడవెక్కడు, ఏట్లోకి వెళ్ళడు, వలలు మాత్రం నేర్పుగా బాగుచేస్తాడని, అతనికి అన్నం లోటు లేదని చెప్పారు. జుట్టు వయసుకు ముందే నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టి లేచాడు.

"బాగున్నారాండి?" అన్నాడు. వల పక్కన పెట్టి, "ఆ పచ్చమందు ఇంకా ఇత్తన్నారాండి ఎవరికైనా?" అని అడిగాడు.

లేదని చెప్పడం తేలికే. కానీ ధనుర్వాతంతో విల్లులా వంగిపోయేవాళ్ళకు ఆ మందు ఇంకా వాడుతూనే ఉన్నాం. అతనితో అబద్ధం ఆడలేకపోయాను.

"ఇస్తున్నాను నూకరాజూ. ముందు అడిగి ఇస్తున్నాను."

"ఎవర్నడుగుతారండి?"

"వాళ్ళమ్మని" అన్నాను.

అతను తలూపి, కూర్చుని, మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు.